ఊడిన పన్ను, నెల రోజుల సెలవు

పళ్ళు ఊడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేమి అని సామెత. ఊడిన పన్ను స్థానంలో మరొకటి అమర్చుకోవడానికి మాత్రం ఏ పద్ధతైతేనేమి అనుకోవడానికి వీలులేదు. ప్రతి పద్ధతికీ ఒక వెల ఉంది. దానితోపాటు ఒక కాలపరిమితి కూడా ఉంది. ప్రవాస కుటుంబాలు వెలను గురించి విచారించినంతగా కాలాన్ని గురించి విచారించవు. నష్టం అక్కడే జరుగుతుంది.

ఒమాన్‌లో ప్రభుత్వ వైద్యశాలలు ప్రధానంగా ఆ దేశ పౌరుల కొరకు ఏర్పడినవి. ప్రవాసులలో అధికులు దంతచికిత్సకు ప్రైవేటు క్లినిక్కులను ఆశ్రయిస్తారు. ఉద్యోగసంస్థలు కల్పించే ఆరోగ్యబీమాలో కట్టుడు పళ్ళకు చోటు లేకపోవడం పరిపాటి. పైగా ఒమానీ రియాలు 1986 నుండి డాలరుకు 0.3845 వద్ద స్థిరంగా ఉండగా, రూపాయి విలువ తగ్గుతూ వచ్చింది. అందువల్ల రూవీలోనో సోహార్‌లోనో నివసించే గృహస్థు "సెలవుకు వెళ్ళినప్పుడు హైదరాబాదులో చూసుకుందాం" అనుకోవడం సహజమే. ఆ నిర్ణయం తప్పు కాదు. అయితే సెలవు నెల రోజులే. చిగురూ ఎముకా ఆ గడువును పాటించవు.

ఖాళీలో జరిగేదేమి?

దవడ ఎముక పన్ను కోసమే అక్కడ నిలిచి ఉంటుంది. పన్ను పోగానే అది కరగడం మొదలవుతుంది. వెనుక పళ్ళ స్థానంలో ఎముక వెడల్పు ఒక్క సంవత్సరంలో సుమారు సగం తగ్గగలదు. ఆ తగ్గుదలలో ఎక్కువ భాగం మొదటి మూడు నెలలలోనే జరుగుతుంది. క్రమంగా పక్కపళ్ళు ఖాళీ వైపు వాలుతాయి. ఎదుటి పన్ను ఆ ఖాళీలోకి సాగుతుంది. సందులలో ఆహారం ఇరుక్కుని, ఆరోగ్యంగా ఉన్న పళ్ళు కూడా పుచ్చుతాయి.

ముందు పన్ను పోతే నవ్వు మారుతుంది, మాట తప్పుతుంది. వ్యాకరణవేత్తలు త, థ, ద, ధ, న లను దంత్యములన్నది ఊరకే కాదు. కనుక దానికి చికిత్స వెంటనే జరుగుతుంది. సకినాలనూ చెగోడీలనూ నమిలే వెనుక దవడపన్ను పైకి కనిపించదు. ఏళ్ళ తరబడి ఉపేక్షింపబడేది అదే. అయితే జ్ఞానదంతం పోతే మరొకటి అమర్చనక్కరలేదు.

మూడు మార్గాలు

మొదటిది తీసి పెట్టుకునే కట్టుడు పళ్ళు. 1930ల చివరి నుండి ఇవి ఎక్కువగా అక్రిలిక్‌తో తయారవుతున్నాయి. ఖర్చు అన్నిటికంటె తక్కువ. పక్కపళ్ళను అరగదీయవలసిన పని లేదు. కాని పూర్తి సెట్టు ధరించినవారి నమిలే బలం సహజదంతాల బలంలో నాలుగో వంతుకు అటూ ఇటూగా మాత్రమే ఉంటుంది. ఎముక కరుగుతున్నకొద్దీ సెట్టు వదులవుతుంది; కొన్ని ఏళ్ళకొకసారి లోపలి భాగాన్ని సరిచేయించాలి. రాత్రివేళ తీసి చల్లని నీటిలో ఉంచాలి. వేడినీరు తగిలితే ఆకారం మారుతుంది.

రెండవది బ్రిడ్జి. ఖాళీకి ఇరువైపులా ఉన్న పళ్ళను అరగదీసి, మూడు క్యాపులను కలిపి అతికిస్తారు. పోయింది ఒక్క పన్నే అయినా బిల్లు మూడింటికి వస్తుంది.

మూడవది ఇంప్లాంటు. స్వీడన్ శాస్త్రవేత్త పెర్-ఇంగ్వార్ బ్రానెమార్క్ 1950లలో కుందేళ్ళపై పరిశోధన చేస్తూ, టైటానియం లోహం ఎముకతో గట్టిగా కలిసిపోవడాన్ని గమనించారు. 1965లో మొదటిసారి ఒక రోగికి టైటానియం మరలతో పళ్ళు అమర్చారు. ఈ పద్ధతిలో పక్కపళ్ళ జోలికి పోనక్కరలేదు. కాని ఎముకా మరా కలవడానికి సాధారణంగా మూడు నుండి ఆరు నెలలు పడుతుంది. మధుమేహం అదుపులో లేనివారికి, పొగతాగేవారికి ఇది విఫలమయ్యే ప్రమాదం ఎక్కువ. ఎముకల బలహీనతకు మందులు వాడేవారు ఆ సంగతి వైద్యునికి ముందే తెలుపవలెను.

వెలను లెక్కించే విధానం

ఇంప్లాంటు అంటే మూడు వస్తువులు: ఎముకలోని మర, దానిపై పీఠం, ఆపైన క్యాపు. చెప్పిన వెల మూడింటికా, మరకు మాత్రమేనా అని ముందే అడగాలి. ఎముక చాలక ఎముకపొడి వేయవలసివస్తే అది అదనం. రెండవసారి విమానప్రయాణం చేయవలసివస్తే టిక్కెట్టు కూడా పంటి ఖర్చులోనిదే. మస్కట్‌లో 2006లో ఒమాన్ డెంటల్ కాలేజీ ఏర్పడింది. హైదరాబాదు, విజయవాడలలో ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు ఉన్నాయి. బోధనాసుపత్రులలో సాధారణంగా ఖర్చు తక్కువ, పట్టే కాలం ఎక్కువ.

సెలవుకు తగిన ప్రణాళిక

సెలవు మొదటి రోజున పన్ను తీయించి, చివరి రోజున బ్రిడ్జి పెట్టించుకోవడం తరచుగా జరిగే పొరపాటు. పుండు మానేకొద్దీ చిగురు కిందికి దిగి, బ్రిడ్జి అడుగున సందు ఏర్పడుతుంది. తీయక తప్పని పన్నును ప్రయాణానికి రెండు మూడు నెలల ముందే ఒమాన్‌లో తీయించుకుంటే, బ్రిడ్జికి సెలవులో ఒకటి రెండు వారాలు చాలును. ఇంప్లాంటు ఎంచుకున్నవారు ఒక సెలవులో మరను, తరువాతి సెలవులో క్యాపును అమర్చుకోవచ్చు. క్యాపును మస్కట్‌లో పెట్టించదలచినవారు మర తయారుచేసిన కంపెనీ పేరు, కొలతలు, ఎక్స్‌రేలు వెంట తెచ్చుకోవాలి. ఒక కంపెనీ మరకు మరొక కంపెనీ పీఠం సాధారణంగా సరిపోదు. పెద్దవారికి పూర్తి సెట్టు చేయించేటప్పుడు సెలవు ఆరంభంలోనే మొదలుపెట్టాలి. కొత్త సెట్టు ఒరిసి పుండ్లు పడటం సహజం. సరిచేయడానికి చేసిన వైద్యుడు అందుబాటులో ఉండాలి.

చివరగా పిల్లల సంగతి. ఆరేళ్ళ వయస్సులో పాలపళ్ళ వెనుక మొలిచే మొదటి దవడపన్ను ఏ పాలపన్నూ ఊడకుండానే వస్తుంది. అందువల్ల దానిని కూడా పాలపన్నుగా భావించి, పుచ్చినా "ఊడిపోయేదే కదా" అని ఊరుకునే తల్లిదండ్రులు ఉన్నారు. అది మళ్ళీ మొలవదు. ఆ పన్ను పుచ్చు చిన్నదిగా ఉన్నప్పుడే పూడ్పించడానికయ్యే ఖర్చు, ముప్పయ్యేళ్ళ తరువాత చేయించే ఇంప్లాంటు ఖర్చులో చాలా చిన్న భాగం.