సోమవారం దాకా ఆగు

ప్రజ్ఞాపూర్

బిడ్డా,

మొన్న ఫోన్‌ల "తాతా, ఇయ్యాల్టి సంది నిద్రగోళీలు, మందు అన్నీ బందు" అన్నవు. సంబురపడ్డ. ఫోన్ పెట్టినంక మాత్రం నిద్ర పట్టలే. అందుకే రాస్తున్న. ఫోన్‌ల చెప్తే మధ్యల అడ్డం వస్తవు.

నీ చిన్నతాత సంగతి నీకు సగమే ఎరుక. నలభై ఏండ్లు మోకు ముత్తాదు కట్టిన చేతులు నావి. పొద్దున దింపిన కల్లు మాపటికి పులుస్తదని నాకెవ్వలు చెప్పాలె? చెట్లు తగ్గినయి, తాగేటోళ్లు తగ్గలే. ఆ లోటును నీళ్లు, శాక్రిన్, పౌడర్ నింపినయి. ఒకప్పుడు క్లోరల్ హైడ్రేట్, డైజిపాం, ఇప్పుడు ఆల్ప్రాజోలం. డాక్టరు చీటి మీద ఇచ్చే నిద్రగోళీ మందే అది. ఏ సీసల ఎంత పడ్డదో కలిపినోనికే తెల్వది.

మా తమ్ముడు, అదే నీ చిన్నతాత, దినాం ఆ మందు కల్లే తాగెటోడు. బిడ్డ పెండ్లి దగ్గరికొచ్చింది, ఇజ్జత్ పోతదని అర్రల పెట్టి తాళం వేసినం. వేసింది నేనే. మొదటి రాత్రి చెమటలు. రెండో దినం చాయ్ గిలాస ఇస్తే సగం అంగీ మీదనే ఒలికింది, దుప్పటి మీద లేని చీమలను ఏరుకుంట కూసున్నడు. మూడో దినం తెల్లారంగ మూర్ఛ. మేం గాలి సోకిందనుకొని నిమ్మకాయలు కోసినం. అంబులెన్స్ ఆ తర్వాత యాదికొచ్చింది. బతికిండు గని, ఆ తాళంచెవి ఇప్పటికీ నా కండ్ల ముంగటనే ఉంటది.

"ఆ మందుకు అలవాటుపడ్డ మెదడు, ఒక్కసారే ఆపితే తిరగబడతది. కొద్దికొద్దిగ తగ్గించాలె" అన్నడు డాక్టరు. రోజూ గట్టిగ తాగేటోళ్ల సారా సంగతి సుత ఇంతేనట. 2015ల మందు కల్లు మీద దాడులైనప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ దిక్కు జనం వణుక్కుంట దవఖానాలకు ఉరికిండ్రు. 2025 జూలైల కూకట్‌పల్లి కాడ కల్తీ కల్లు తాగి ప్రాణాలే పోయినయి.

నువ్వొక్కనివే చెడ్డవని తలకాయ దించుకోకు. 2019-21 కేంద్ర సర్వేల మన రాష్ట్రంల పదిహేనేండ్లు దాటిన మగోళ్లల్ల వందకు 43 మంది తాగుతరని తేలింది. మన దిక్కు పుడితే దావత్, పోతే దావత్. నీకు మూడేండ్లప్పుడు ఈతకల్లుల వేలు ముంచి నీ నాలుకకు రాసింది నేనే. నువ్వు మొఖం వంకర పెడితే ఇంటిల్లిపాది నవ్వినం.

ఇప్పుడు నా మాట విను. గోళీలు నీ అంతట నువ్వు ఒక్కసారే ఆపకు, ఎక్కువా వేసుకోకు. వాటి మీద మందు మాత్రం తాగకు, రెండూ కలిస్తే నిద్రలనే ఊపిరి ఆగొచ్చు. అర్ధరాత్రి వణుకు మొదలైతే సోమవారం కోసం సూడకు, 108కి కొట్టు. మాట్లాడాలనిపిస్తే మత్తు మాన్పించే హెల్ప్‌లైన్ 14446 ఉన్నది, పైసలు అడగరు.

మీ అమ్మకు నేనింక చెప్పలే. అది నువ్వే చెప్పుకోవాలె.

సోమవారం మొదటి బస్సుకు ఎక్కి జూబ్లీ బస్టాండ్‌ల దిగుత. ఎర్రగడ్డ దవఖానకు ఇద్దరం పోదాం. దినానికి ఎన్ని గోళీలో డాక్టరుకు తక్కువ చేసి చెప్పకు. ఖాళీ షీట్లు పారెయ్యకుండ జేబుల పెట్టుకొని రా.

మీ తాత