ఓడరేవు తీరాన

మహాకావ్యంలో అష్టాదశ వర్ణనలు ఉండాలని ఆలంకారికులు చెప్పారు. సముద్ర వర్ణన వాటిలో ఒకటి. కాళిదాసు రఘువంశం పదమూడవ సర్గలో రాముడు పుష్పక విమానం మీది నుంచి సీతకు సముద్రాన్ని చూపిస్తాడు. ఇవన్నీ పాతికేళ్లుగా తరగతి గదిలో బోధిస్తున్నవాణ్ణి నేను. జలధి, వారిధి, ఉదధి, పారావారం, కడలి, మున్నీరు అని పర్యాయపదాలు ఎన్నయినా ఏకరువు పెట్టగలను. అయినా సముద్రాన్ని చదవడం నాకు రాదని ఒక కార్తికమాసపు ఆదివారం నాడు తెలిసివచ్చింది.

మాది కారంచేడు. అమ్మ ఇప్పటికీ అక్కడే ఉంటుంది. ఆమెకు కార్తికంలో ఒక్కసారైనా సముద్రస్నానం చేయాలని కోరిక. ఆ శనివారం హైదరాబాదు నుంచి మా చెల్లెలు, బావగారు, పిల్లలు వచ్చారు. మేనల్లుడు ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతున్నాడు. ఈతకొలనులో శిక్షణ పొందినవాడు. పులిహోర, జంతికలు డబ్బాలకు ఎత్తుకొని మధ్యాహ్నం బయలుదేరాము.

కారంచేడు నుంచి సముద్రానికి పోయే దారి పొడవైనది కాదు గాని, అంత దూరంలోనే నేల పూర్తిగా మారిపోతుంది. ఊరి చుట్టూ నల్లరేగడి. బెజవాడ వద్ద కృష్ణపై 1855 నాటికి పూర్తయిన ఆనకట్ట పుణ్యమా అని కాలువ నీరు పారి, వరి పండే నేల అది. చీరాల దాటితే కాళ్ల కింద ఇసుక. తాటిచెట్లు, జీడిమామిడి, సరుగుడు తోటలు. గాలిలో ఉప్పు తెలుస్తుంది.

ఈ దారిని గురించి మరొక మాట చెప్పక తప్పదు. తాగునీటి చెరువు వద్ద మొదలైన వివాదం కారణంగా 1985 జూలై 17న మా ఊరిలో ఆరుగురు దళితులు హత్యకు గురయ్యారు. మిగిలినవారు ప్రాణాలు అరచేత పట్టుకొని చీరాలకు చేరుకున్నారు. “వాళ్లు మళ్లీ ఊరికి రాలేదా, మామయ్యా?” అని మేనకోడలు అడిగింది. అనేకులు చీరాలలోనే స్థిరపడ్డారని చెప్పాను. ఆ తరువాత చాలాసేపు కారులో ఎవరూ మాట్లాడలేదు.

ఆ రాత్రి ఓడరేవులో బస. మర్నాడు తెల్లవారకముందే అమ్మను తీరానికి నడిపించుకొని వెళ్లాము. బంగాళాఖాతపు ఒడ్డున ఉన్నవారికి సూర్యోదయం నీటిలో నుంచే కనిపిస్తుంది. అమ్మ మోకాలి లోతున నిలిచి, మా ఇద్దరి చేతులు పట్టుకొని, మూడు మునకలు వేసింది. ఒడ్డుకు వస్తున్నప్పుడు కూడా వెనక్కి తిరగకుండా, అలల వైపే చూస్తూ, ఒక్కొక్క అడుగే వెనకకు వేసింది. “సముద్రానికి వీపు చూపకూడదురా” అన్నది. అది భక్తి అనుకున్నాను. అందులో బ్రతికి బట్టకట్టే తెలివి ఉన్నదని అప్పుడు తోచలేదు.

తరువాత పిల్లలు నీటిలోకి దిగుతామన్నారు. ఎడమవైపు అలలు ఎత్తుగా లేచి, నురగలు కక్కుతూ విరుగుతున్నాయి. కుడివైపు ఒకచోట మాత్రం అల విరగడమే లేదు. నీరు కొంచెం ముదురు రంగులో, నిలకడగా ఉన్నది. “అక్కడ దిగరా, నెమ్మదిగా ఉన్నది” అని చేయి చాచి చూపినవాణ్ణి నేనే.

వాడు నడుము లోతు వరకు వెళ్లాడు. చూస్తుండగానే తల చిన్నదై పోయింది. ఒడ్డుకు అభిముఖంగా చేతులు వేస్తున్నాడు గాని ముందుకు రావడం లేదు. నేను పంచె ఎగగట్టి నీటిలోకి పరుగెత్తబోయాను. పడవ నీడన వల బాగుచేస్తున్న ఒక వృద్ధ మత్స్యకారుడు నా భుజం పట్టి ఆపాడు. “బాబూ! ఒడ్డుకు రాకు! పక్కకు ఈదు, పక్కకు!” అని గొంతెత్తి అరిచాడు. ఆయన కొడుకు ఒక పెద్ద థర్మోకోల్ బెండు తీసుకొని, అలలు విరిగే వైపు నుంచి లోపలికి వెళ్లాడు. మేనల్లుడు దిశ మార్చాడు. బెండు అందింది. మేము నిలిచిన చోటికి చాలా దూరాన, అలలే వాణ్ణి ఒడ్డుకు తోశాయి.

మా చెల్లెలు నాతో ఒక్క మాట కూడా అనలేదు. అదే ఎక్కువ బాధించింది.

“పెద్దాయనా, మీకు ఎలా తెలిసింది?” అని అడిగాను. ఆయన ఇసుక మీద వేలితో గీసి చూపాడు. నీటి అడుగున, ఒడ్డుకు కొంత దూరంలో ఇసుక మెట్టలు ఉంటాయి. వాటి మీద అలలు విరుగుతాయి. అలా ఒడ్డుకు చేరిన నీరంతా తిరిగి పోవాలి కదా! మెట్టల నడుమ గండి ఎక్కడ ఉంటే అక్కడ గుంపుగా, వేగంగా లోపలికి పోతుంది. గండి లోతుగా ఉంటుంది కనుక అక్కడ అల విరగదు. తెలియనివాని కంటికి అదే ప్రశాంతమైన చోటు. ఆ ప్రవాహం మనిషిని అడుగుకు ముంచదు, లోపలికి లాగుతుంది. దానికి ఎదురీదినవాడు ఎంతటి ఈతగాడైనా అలసి మునిగిపోతాడు. ప్రవాహపు వెడల్పు తక్కువ కనుక తీరానికి సమాంతరంగా ఈదితే దాని నుంచి బయటపడవచ్చు. శక్తి చాలకపోతే వెల్లకిలా తేలి, చేయి ఎత్తాలి. కాపాడదలచినవారు వట్టి చేతులతో దూకకుండా, తేలే వస్తువు ఏదైనా అందించాలి.

“గండి ఇవాళ ఉన్నచోట రేపు ఉండదు, మాస్టారూ. రోజూ చూసుకోవలసిందే” అన్నాడు. 2024 జూన్‌లో సమీపంలోని రామాపురం తీరాన యువకులు నీట మునిగి మరణించిన తరువాత ఈ ప్రాంతపు తీరాలకు సందర్శకులను కొన్నాళ్లు రానివ్వలేదు. ఆ వార్త నేను పత్రికలో చదివాను. చదివి, పేజీ తిప్పాను.

సాయంకాలం బయలుదేరే వేళ మేనల్లుడు ఇసుక దిబ్బ మీద నిలిచి నీటిని చూస్తున్నాడు. “మామయ్యా, అదిగో, అక్కడ అల విరగడం లేదు. నురగ కూడా లోపలికే పోతున్నది” అన్నాడు. నేను కళ్లద్దాలు సవరించుకొని చూసేలోపే దిబ్బ దిగి పరుగెత్తాడు. అటువైపు ఎవరో తల్లిదండ్రులు ఇద్దరు పిల్లలను చేయి పట్టుకొని నీటిలోకి నడుస్తున్నారు.

అర్థాలు: పారావారం – సముద్రం, ఏకరువు పెట్టు – వరుసగా చెప్పు, బస – విడిది, మెట్ట – ఎత్తైన చోటు, గండి – నీరు పోయే సందు, అభిముఖంగా – ఎదురుగా.

ప్రశ్నలు: తల్లి మాటలోని తెలివిని రచయిత ఆలస్యంగా గ్రహించాడు. ఎందువల్ల? అల విరగని చోటు ప్రమాదకరమెందుకో మీ మాటల్లో రాయండి.