అక్షరానికి కొలత పెట్టిన వజీరు

హైదరాబాదులోని బాద్‌షాహీ ఆషుర్‌ఖానాకు మొదటిసారి వెళ్లినప్పుడు, గోడల రంగుపలకల మీది అరబ్బీ అక్షరాలు చదవడం రాక, ఊరికే చూస్తూ నిలబడిపోయాను. చదవరాని వాణ్ణి కూడా ఇంతగా పట్టి నిలిపే అందం ఎక్కడిది? ఆ ప్రశ్న వెంట పోయి పోయి వెయ్యేళ్ల కిందటి బాగ్దాదులో తేలాను. అక్కడ ఉన్నాడు ఇబ్న్ ముఖ్లా.

సుమారు 886లో పుట్టిన ఈయన పన్నువసూళ్ల ఉద్యోగంతో మొదలై, ముగ్గురు అబ్బాసీ ఖలీఫాల వద్ద వజీరయ్యాడు. ఆనాటి కచేరీ గుమస్తాలది ఎవరి చేతివాటం వారిది. దానికి ఆయన ఒక లెక్క కట్టాడు.

ఆ లెక్క చాలా సులువు. ఏటవాలుగా కోసిన రెల్లు కలాన్ని కాగితం మీద అద్ది లాగితే పేకలోని డైమను గుర్తు లాంటి చుక్క పడుతుంది. అదే కొలబద్ద. ఇన్ని చుక్కల నిలువు అలిఫ్. ఆ అలిఫ్ వ్యాసంగా గీసిన వృత్తం నుంచి తక్కిన అక్షరాల వంపులు. కలం లావైతే చుక్క పెరుగుతుంది, దానితో పాటే అక్షరమంతా పెరుగుతుంది. పొందిక మాత్రం చెడదు. తాటాకు మీద గంటంతో గీసిన మన అక్షరానికి అంతటా ఒకే మందం. రెల్లు కలం అలా కాదు, తిరిగే కొద్దీ సన్నమూ లావూ అవుతుంది. అందుకే అక్కడ కొలత అంత అవసరమైంది.

రాజకీయం ఆయనను బతకనివ్వలేదు. ఖలీఫా అల్ రాదీ కాలంలో శత్రువులు ఆయన కుడిచేయి నరికించారు. మొండిచేతికి కలం కట్టుకుని రాసేవాడని చరిత్రకారులు చెబుతారు. తరువాత నాలుక కూడా కోశారు. 940లో చెరసాలలోనే కన్నుమూశాడు.

ఆయన స్వదస్తూరీ అని గట్టిగా చెప్పదగిన కాగితం ఈనాడు ఒక్కటీ లేదు. మరి ఏం మిగిలింది? శిష్యులకు చెప్పిన పాఠం మిగిలింది. ఆ శిష్యుల దగ్గర నేర్చుకున్నవాడే ఇబ్న్ అల్ బవ్వాబ్. ఆ పేరుకు అర్థం ద్వారపాలకుని కొడుకు అని. అతడు సుమారు 1000లో రాసిన ఖురాను ప్రతి డబ్లిన్‌లోని చెస్టర్ బీటీ గ్రంథాలయంలో భద్రంగా ఉంది.

వజీరు చేతిని నరకగలిగారు గాని, ద్వారపాలకుని కొడుకుదాకా చేరిన కొలతను ఏ కత్తీ తాకలేకపోయింది. చదువంటే ఇదే గదా అనిపించింది నాకు. ఈసారి ఆషుర్‌ఖానాకు వెళితే, ముందుగా చుక్కలు లెక్కపెడతాను.