ఇరువది యేండ్లనాటి పుట

గుంటూరు నుండి బాపట్లకు పోవు దారిలో పొన్నూరు ఉన్నది. రైలులో వచ్చువారు నిడుబ్రోలు స్టేషనులో దిగుదురు. 2002 ప్రాంతమున ఆ యూరి బాలుడొకడు నెట్ సెంటరులో గంటల లెక్కన రుసుము చెల్లించి, తన యూరిని గూర్చి ఒక వెబ్‌సైటు నిర్మించెననుకొనుడు. భావనారాయణస్వామి ఆలయమును గూర్చి నాలుగు మాటలు, తాతగారు చెప్పగా వ్రాసికొన్న పాత ముచ్చట్లు, వెనుక మినుకుమినుకుమను నక్షత్రములు, ఎందరు చూచిరో తెలుపు అంకెలు: ఇదియే ఆ పుట.

సామాన్యులకు ఇంటర్నెట్టు మన దేశమున 1995 ఆగస్టు 15న లభించినది. కావున ఆ నాళ్లలో ఈ విద్య నేర్పు గురువులు అరుదు. నచ్చిన పుట వెనుకనున్న వ్రాతను తెరచి చూచి అనుకరించుటయే బాలుర చదువు. ఆ వ్రాతకు హెచ్.టి.ఎమ్.ఎల్. అని పేరు. ఇది శీర్షిక, ఇది పేరా, ఇచట బొమ్మ యుండవలెను అని గుర్తులతో చెప్పుట దాని పని. జెనీవా చెంతనున్న సెర్న్ పరిశోధనాలయమున టిమ్ బెర్నర్స్-లీ దానిని కల్పించెను. 1993 ఏప్రిల్ 30న సెర్న్ వారు వెబ్బును ఎవరైనను ఉచితముగా వాడుకొనవచ్చునని ప్రకటించిరి. ఆ యౌదార్యము లేకున్న పొన్నూరి బాలునికి ఆ విద్య అందుట కష్టమే.

ఆ బాలుడు పెద్దవాడై, వేరు ఉద్యోగములు చేసి, మరల ఈ పనికి వచ్చెననుకొనుడు. నాడు పుటను పట్టికల గళ్లలో అమర్చెడివారు. నేడు ఆ యమరిక సి.ఎస్.ఎస్. చూచుకొనును. నాడు బల్లమీది తెర. నేడు అరచేతి ఫోను. ఇవి కొన్ని వారములలో నేర్వదగినవే.

అసలు చిక్కు పాత పుటను వెదకునపుడు వచ్చును. అట్టి పుటలు పెక్కింటికి ఉచితముగా చోటిచ్చిన జియోసిటీస్ 1994లో వెలసినది. 1999లో యాహూ దానిని కొన్నది. 2009 అక్టోబరులో మూసివేసినది. ఇంటర్నెట్ ఆర్కైవ్ మొదలగువారు కొంత నకలు తీసి కాపాడిరి. తక్కినది పోయినది. పరుల స్థలమున ఇల్లు కట్టినవాని గతియే అది.

మన బాలుడు ఒక నకలు దాచుకొనెను. దానిని నేటి కంప్యూటరులో తెరువగా, ఆశ్చర్యము! శీర్షికలు చెక్కుచెదరలేదు. నక్షత్రములు నేటికిని మినుకుమనుచున్నవి. అంకెలు మాత్రము కానరావు. అవి వేరొకరి కంప్యూటరు నుండి వచ్చెడివి. తాతగారి ముచ్చట్లున్న చోట ఆంగ్లాక్షరములును, అర్థములేని గుర్తులును కలగాపులగముగా నున్నవి.

కారణ మిది. ఆ కాలపు తెలుగు ఫాంట్లు పెక్కు ఆంగ్లాక్షరముల స్థానములలో తెలుగు లిపి ముక్కలను దాచెడివి. ఒక ఫాంటులో కొమ్మున్న స్థానమున వేరొక ఫాంటులో వత్తుండెడిది. ఆ ఫాంటే లేనిచో ఆ వ్రాత చదువుట కుదరదు. ప్రపంచ లిపుల కన్నిటికి స్థానము లేర్పరచిన యూనికోడులో తెలుగునకు 1991లోనే చోటు దొరకినది; కాని విండోస్‌లో దానికి తావు 2001లో వచ్చిన ఎక్స్‌పీతో గాని కలుగలేదు. పాత అలవాట్లు ఆ పిమ్మటను చాలకాలము సాగినవి. 2003 డిసెంబరు 10న యూనికోడుతో మొదలైన తెలుగు వికీపీడియాలోని తొలి వ్రాతలు నేటి ఫోనులో సైతము చక్కగా కనబడును.

పాత వ్రాతను మార్చుటకు పద్మ వంటి పనిముట్లు కలవు. అవి ఎరుగని ఫాంటైనచో చేతితోనే విప్పవలెను. అందుకు తాళపుచెవి వలె పనికివచ్చునది, తప్పక ఉండునని తెలిసిన మాట. ఈ పుటలో అది ఊరి పేరే. మాటిమాటికి వచ్చు గుర్తుల గుంపును పట్టి, అది ‘పొన్నూరు’ అని గ్రహించినచో, పకార, నకార, రేఫలును, ఒత్వమును, నకారపు వత్తును, రెండు విధముల కొమ్ములును ఒక్కసారిగా చిక్కును. వాని సాయమున ప్రక్క మాట, ఆ ప్రక్క మాట తెలియును. ఒక్కొక్క వాక్యమునకు ఒక పూట పట్టవచ్చును. తాతగారి ముచ్చట్లు మూడు పుటలున్నవి.