రణపాల: రెండు మార్కుల ప్రశ్నకు మా జవాబు



‘ఆకుల ద్వారా శాఖీయోత్పత్తి జరుపుకునే మొక్కకు ఒక ఉదాహరణ ఇవ్వండి.’ ఈ ప్రశ్న మనలో ఎవరికి రాదు? ‘రణపాల’ అని రాస్తాం, మార్కులు పడతాయి. మేమూ అలాగే రాశాం. అయితే మాలో చాలామందిమి ఆ మొక్కను కళ్ళతో చూడకుండానే రాశాం. దాన్ని చూశాక, పెంచాక, ఒకసారి చేజేతులా చంపుకున్నాక తెలిసిన సంగతులు ఈ వ్యాసంలో రాస్తున్నాం.

మా గదికి వచ్చిన మొక్క

రెండేళ్ళ క్రితం పదో తరగతి పూర్తిచేసి వెళ్తున్న ఒక అన్న తన రణపాల మొక్కను మా గదికి ఇచ్చి వెళ్ళారు. వాళ్ళమ్మగారు కడియం నర్సరీల్లో పనికి వెళ్ళేవారు. అక్కడి నుంచి తెచ్చిన మొక్క అది. ఖాళీ పెయింటు డబ్బాలో ఉండేది. “బాగా చూసుకోండిరా” అన్నారు, అంతే. ఎలా చూసుకోవాలో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు.

గదిలో మేము పన్నెండుమందిమి. నీళ్ళు పొయ్యడానికి పేర్లు రాసుకుని వంతులు వేసుకున్నాం. వంతు ఉన్నవాడు ఒక మగ్గు పోసేవాడు. వంతు లేనివాడు కూడా పళ్ళెం కడుక్కుని వస్తూ మిగిలిన నీళ్ళు పోసేవాడు. ఆ జూన్‌లోనే ఆరో తరగతిలో చేరిన తమ్ముడొకడు ఇంటిమీద బెంగతో రాత్రుళ్ళు నిద్రపోయేవాడు కాదు. మొక్క దగ్గర కూర్చునేవాడు. డబ్బా అడుగున చిల్లు ఉందో లేదో ఎవరమూ చూడలేదు.

ఆగస్టు నెలాఖరుకు ఆకులు పసుపురంగుకు తిరిగాయి. నీళ్ళు చాలడం లేదనుకుని ఇంకా పోశాం. కాండం మొదట్లో నల్లబడి మెత్తబడింది. ఒకరోజు ఉదయం లేచేసరికి మొక్క పక్కకు ఒరిగిపోయి ఉంది. ఆ తమ్ముడు రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. రాత్రిపూట లేచి తానూ నీళ్ళు పోశానని, తనవల్లే చచ్చిపోయిందని ఏడ్చాడు. అది వాడొక్కడి తప్పు కాదు. మేమందరమూ పోశాం.

దసరా సెలవులకు వెళ్ళి తిరిగొచ్చి గది ఊడుస్తుంటే, కిటికీ గూట్లో పాత నోటుపుస్తకాల పక్కన ఎప్పుడో రాలిపోయిన ఆకు ఒకటి కనిపించింది. దాని కింద మట్టి లేదు. ఎవరూ నీళ్ళు పొయ్యలేదు. పది రోజులుగా గదికి తాళం. అయినా ఆ ఆకు అంచుల్లో ఐదు చిన్న మొక్కలు, తెల్లటి దారాల్లాంటి వేళ్ళతో సహా మొలిచి ఉన్నాయి. మేము రోజూ చూసుకున్న మొక్క చచ్చిపోయింది, మేము మరచిపోయిన ఆకు బతికింది. ఎందుకని? ఆ ప్రశ్నతోనే మా చదువు మొదలైంది.

నీళ్ళు దాచుకునే మొక్కలు

రణపాల శాస్త్రీయ నామం బ్రయోఫిల్లం పిన్నేటం. కలాంకో పిన్నేటా అని కూడా అంటారు. క్రాసులేసి కుటుంబానికి చెందినది. దీని సొంతగడ్డ మడగాస్కర్ దీవి. బ్రయోఫిల్లం అనే పేరుకు గ్రీకు భాషలో ‘మొలకెత్తే ఆకు’ అని అర్థం.

కొన్ని మొక్కలు తమకు కావలసిన నీటిని తమలోనే నిల్వ చేసుకుంటాయి. వీటిని రసభరితమైన మొక్కలు అంటారు. బ్రహ్మజెముడు, నల్లేరు కాండాల్లో దాచుకుంటాయి. కలబంద, రణపాల ఆకుల్లో దాచుకుంటాయి. మన ఊళ్ళలో దిష్టి తగలకుండా కలబందను గుమ్మానికి తలకిందులుగా వేలాడదీస్తారు కదా! మట్టీ నీరూ లేకుండా అది నెలల తరబడి పచ్చగా ఉండటం మనమందరం చూసిందే. అది దిష్టి మహిమ కాదు, ఆకుల్లో ఉన్న నీటి నిల్వ. నెలకు సరిపడా బియ్యం ఇంట్లో ఉన్నవాడికి రోజూ బస్తా తెచ్చి పోస్తే ఏమవుతుంది? పుచ్చిపోతాయి. మేము చేసింది అదే.

సామర్లకోట సంగతి

ఈ మొక్క నీటిని ఎలా పొదుపు చేస్తుందో తెలుసుకుంటుండగా మన ప్రాంతం పేరు ఒకటి ఎదురై మాకు చాలా ఆనందం కలిగింది. ఈస్టిండియా కంపెనీ కాలంలో సామర్లకోటలో (ఇప్పటి కాకినాడ జిల్లా) ఒక మొక్కల తోట ఉండేది. దాన్ని పెంచినవారు విలియం రాక్స్‌బర్గ్ అనే వైద్యుడు. ఆయన 1793లో కలకత్తా తోటకు వెళ్ళిపోయాక ఇక్కడి బాధ్యత బెంజమిన్ హైనే అనే వృక్షశాస్త్రజ్ఞుడికి అప్పగించారు. హైనే తరువాత మైసూరు సర్వేలోనూ పనిచేశారు.

ఈ హైనే గారే రణపాల ఆకును ఒకే రోజు వేర్వేరు వేళల్లో రుచి చూశారు. ఉదయం బాగా పుల్లగా ఉంది. మధ్యాహ్నానికి ఏ రుచీ లేదు. సాయంత్రానికి కాస్త చేదుగా మారింది. ఈ సంగతిని ఆయన ఉత్తరంగా రాయగా, 1815లో లండన్‌లోని లిన్నేయన్ సొసైటీ పత్రికలో అచ్చయింది. దీనికి ఏ యంత్రమూ అక్కరలేకపోయింది. మూడు పూటలా ఓపికగా గమనించడమే కావలసి వచ్చింది.

ఆ పులుపుకు కారణం తరువాతి శాస్త్రజ్ఞులు తేల్చారు. మామూలు మొక్కలు పగటిపూట పత్రరంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకుంటాయి. అప్పుడే వాటి నుండి నీరు కూడా ఆవిరై పోతుంది. రణపాల అలా చేయదు. ఎండ ఉన్నంతసేపూ పత్రరంధ్రాలను మూసి ఉంచి, చల్లబడ్డాక రాత్రి తెరుస్తుంది. రాత్రి తీసుకున్న కార్బన్ డయాక్సైడ్‌ను మాలిక్ ఆమ్లంగా మార్చి కణాల్లో దాచుకుంటుంది. అందుకే తెల్లవారేసరికి ఆకు పుల్లగా ఉంటుంది. పగలు ఆ ఆమ్లం నుంచి కార్బన్ డయాక్సైడ్ మళ్ళీ విడుదలై, వెలుతురు సాయంతో పిండిపదార్థం తయారవుతుంది. సాయంత్రానికి ఆమ్లం ఖర్చయిపోయి పులుపు పోతుంది. ఈ పద్ధతిని క్రాసులేసియన్ ఆమ్ల జీవక్రియ అంటారు. రణపాల కుటుంబం పేరే దానికి పెట్టారు.

మీరే చేసి చూడండి: సూర్యోదయానికి ముందు ఒక ఆకు, సాయంత్రం ఐదు గంటలకు ఒక ఆకు అదే మొక్క నుంచి కోయండి. వెంటనే విడివిడిగా నలిపి, ఆ రసాన్ని బడి ల్యాబులో దొరికే పీహెచ్ కాగితం మీద అద్దండి. మేము చేసినప్పుడు ఉదయం రసం 4 దగ్గర, సాయంత్రం రసం 5 దాటి చూపించింది. హైనే గారిలాగా నోట్లో వేసుకోకండి. కారణం చివర చెబుతాం.

పెంచే పద్ధతి

నీరు: 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి మన డెల్టా కాలువల మీద బతుకుతోంది. వరికి, అరటికి, కొబ్బరికి నీరు పెట్టడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. ఆ అలవాటు రణపాల దగ్గర పనికిరాదు. వేళ్ళకు గాలి కూడా కావాలి. మట్టి ఎప్పుడూ బురదగా ఉంటే గాలి అందక వేళ్ళు కుళ్ళిపోతాయి. కుళ్ళిన వేరు నీటిని పీల్చలేదు. అందుకే ఆకులు వాడతాయి. అది చూసి మనం దాహం అనుకుని మళ్ళీ పోస్తాం. మా మొక్క ఇలాగే పోయింది.

ఇప్పుడు మేము చీపురుపుల్ల పరీక్ష చేస్తున్నాం. పుల్లను కుండీలో నాలుగు అంగుళాల లోతు గుచ్చి బయటకు తీయాలి. మట్టి అంటుకుంటే ఆ రోజు నీళ్ళు వద్దు. పుల్ల పొడిగా వస్తే, అడుగు చిల్లులోంచి నీరు కారేవరకు ఒక్కసారి బాగా పొయ్యాలి. కింద పళ్ళెంలో నిలిచిన నీటిని పారబొయ్యాలి. మా కుండీలకు ఎండాకాలంలో వారానికొకసారి, చలికాలంలో పది పన్నెండు రోజులకొకసారి సరిపోతోంది. వానాకాలంలో పదిహేను రోజులు పొయ్యకపోయినా ఏమీ కాలేదు. అయితే రోజుల లెక్క నమ్మకండి, పుల్లను నమ్మండి.

మట్టి, కుండీ: మన పొలాల నల్లరేగడి ఒండ్రు తడిస్తే ముద్దకడుతుంది, ఎండితే బీటలు వారుతుంది. అదొక్కటే వేస్తే నీరు దిగదు. ఒక పాలు తోటమట్టి, ఒక పాలు గోదావరి ముతక ఇసుక, అర పాలు బాగా చివికిన పశువుల ఎరువు కలపండి. సముద్రపు ఇసుక వాడకూడదు, దానిలో ఉప్పు ఉంటుంది. కొబ్బరి పొట్టు నీటిని పట్టి ఉంచుతుంది కనుక ఈ మొక్కకు ఎక్కువ వేయవద్దు. కుండీ కొనాల్సిన పని లేదు. పాత డబ్బా చాలు. మేకు కాల్చి అడుగున నాలుగైదు చిల్లులు పెట్టి, వాటిమీద పెంకు ముక్కలు పరచండి. కాల్చిన మేకుతో పని పెద్దవాళ్ళ ఎదుట చేయండి.

వెలుతురు: ఉదయపు ఎండ తగిలే కిటికీ, వరండా మంచివి. మే నెల మధ్యాహ్నపు ఎండకు ఆకులు మాడతాయి, నీడకు జరపండి. మంచం కింద, అలమర మూల పెడితే వెలుతురు చాలక కాండం సన్నగా సాగిపోతుంది. తుఫాను వానలప్పుడు కుండీలను చూరు కిందకు చేర్చండి.

చీడ: ఆకుల మొదళ్ళలో దూదిలాగా తెల్లగా కనిపిస్తే అది పిండినల్లి. సబ్బునీటిలో ముంచిన గుడ్డతో తుడిచి, తరువాత మంచినీటితో కడగాలి. ఆ కుండీని మిగతావాటికి దూరంగా ఉంచాలి.

మొక్క చెప్పే గుర్తులు

1. ఆకు పసుపుగా, మెత్తగా అయితే: నీరు ఎక్కువైంది. పొయ్యడం ఆపాలి.
2. ఆకు పలుచబడి ముడతలు పడితే: పుల్ల పరీక్ష చేయాలి. మట్టి పొడిగా ఉంటేనే నీరు కావాలని అర్థం. తడిగా ఉంటే వేరు చెడిందని అర్థం.
3. కాండం సన్నగా సాగి కిటికీ వైపు వంగితే: వెలుతురు చాలలేదు.
4. ఆకు అంచులు ఎర్రబడితే: ఎండ బాగా తగులుతోంది. జబ్బు కాదు.
5. కాండం మొదలు నల్లబడితే: ఆ మొక్క నిలవడం కష్టం. వెంటనే పైనున్న మంచి ఆకులు కోసి కొత్త మొక్కలు వేసుకోవాలి.

కొత్త మొక్క చేయడం

ముదురు ఆకును తుంచి, తడి ఇసుకమట్టి మీద వెల్లకిలా పరిస్తే చాలు. పాతిపెట్టకూడదు. రెండు మూడు వారాల్లో అంచుల నొక్కుల దగ్గర మొలకలు వస్తాయి. మొదట్లో వాటికి కావలసిన నీరు, ఆహారం తల్లి ఆకే ఇస్తుంది. పిల్లలు పెరిగేకొద్దీ తల్లి ఆకు ముడుచుకుపోయి ఎండిపోతుంది. అప్పుడు వాటిని విడదీసి నాటుకోవాలి. జర్మన్ మహాకవి గేటే (1749–1832) ఈ మొక్కను ఎంతో ఇష్టంగా పెంచి, దాని పిల్లమొక్కలను మిత్రులకు కానుకగా పంపేవారట.

జాగ్రత్తలు

రణపాల ఆకు తింటే కిడ్నీలో రాళ్ళు కరుగుతాయని ఊళ్ళలో చెప్పుకుంటారు. డాక్టరు చెప్పకుండా తినవద్దు. ఈ జాతి మొక్కల్లో గుండెమీద పనిచేసే విషపదార్థాలు ఉన్నాయి. ఆస్ట్రేలియాలో వీటిని మేసిన పశువులు చనిపోయాయి. కనుక మేకలకు, దూడలకు అందేచోట పెట్టకండి. అదనంగా వచ్చిన పిల్లమొక్కలను కాలువ గట్టున పారేయకండి. ఆస్ట్రేలియాలో, గాలాపాగోస్ దీవుల్లో ఇది కలుపుమొక్కగా వ్యాపించి ఇబ్బంది పెడుతోంది.

చివరిగా

కిటికీ గూట్లో దొరికిన ఆకు ఇచ్చిన ఐదు మొక్కల్లో ఒకటి పోయింది, నాలుగు పెరిగాయి. వాటి ఆకులతో ఇప్పుడు మన హాస్టల్ వరండాలో ముప్పైకి పైగా డబ్బాలు ఉన్నాయి. వాటికి నీళ్ళు పొయ్యాలంటే ఒక్కరినే అడగాలి. ఆనాడు ఏడ్చిన తమ్ముడే ఆ బాధ్యత తీసుకున్నాడు. పుల్ల గుచ్చి చూడకుండా ఎవరినీ మగ్గు ముట్టుకోనివ్వడు. ఈ జూన్‌లో కొత్తగా చేరి బెంగపెట్టుకున్న పిల్లలను వరండాలోకి తీసుకెళ్ళి వాడే పుల్ల పరీక్ష నేర్పాడు.

మేము ఈ సంవత్సరం పదో తరగతి రాసి వెళ్ళిపోతాం. మొక్కను ఇచ్చిన అన్న చెప్పని మాట మేము చెప్పి వెళ్ళాలని ఈ వ్యాసం రాశాం. వార్షికోత్సవం రోజున పూర్వ విద్యార్థులైన అన్నలు తిరిగి వెళ్ళేటప్పుడు గేటు దగ్గర ఆ తమ్ముడు తలా ఒక రణపాల ఆకు ఇస్తాడు. నోటుపుస్తకంలో పెట్టుకుని తీసుకెళ్ళండి, దారిలో వాడిపోదు. ఇంటికి వెళ్ళి తడి ఇసుకమట్టి మీద పరవండి. డబ్బాకు చిల్లులు పెట్టారా అని మాత్రం వాడు తప్పకుండా అడుగుతాడు. వచ్చే వార్షికోత్సవానికి జవాబు సిద్ధంగా ఉంచుకోండి.

ఇట్లు,
పదవ తరగతి విద్యార్థులు