చెవి లేకుండా తాళం తీయడం నేర్చుకోవచ్చా?

ప్రశ్న: ఇంజినీరింగ్ చదువుతున్నాను. చవక తాళంకప్పల్ని చెవి లేకుండా తీయడం సరదాగా నేర్చుకోవాలనుంది. తప్పా? ఎలా మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మీరు డబ్బిచ్చి కొన్న తాళాల మీద సాధన చేస్తే తప్పు లేదు. ఇలాంటి ప్రయత్నాల వల్ల మేలూ జరిగింది: 1851లో లండన్ మహా ప్రదర్శన సమయంలో అమెరికన్ తాళాల నిపుణుడు ఆల్ఫ్రెడ్ హాబ్స్, ఎవరూ తీయలేరని పేరుబడ్డ బ్రామా తాళాన్ని 51 గంటలు శ్రమించి తీశాడు. ఆ తర్వాత తాళాల తయారీ మెరుగుపడింది.

చిన్న ఇత్తడి కప్పలో సాధారణంగా మూడు నాలుగు జతల పిన్నులు ఉంటాయి. చెవి వాటిని సరైన ఎత్తుకు లేపితేనే లోపలి గొట్టం తిరుగుతుంది. పిన్నుల రంధ్రాలు ఒకే వరుసలో కచ్చితంగా ఉండవు కాబట్టి, గొట్టాన్ని మెల్లగా తిప్పి పట్టుకుంటే ముందు ఒక్క పిన్నే బిగుసుకుంటుంది. దాన్ని లేపితే తర్వాతిది దొరుకుతుంది. ఇందులో బలంతో పని లేదు, వేలికొసలకు తెలియాలి.

రెండో పద్ధతిలో పిన్నుల జోలికే పోరు. కొక్కెం పక్కనుంచి పల్చని రేకు దూర్చి స్ప్రింగు గడియను వెనక్కి నెడతారు. గడియ స్థానంలో ఉక్కు గుండ్లున్న కప్పల్లోనూ, చెవి తిప్పితేనే మూతపడే లివర్ కప్పల్లోనూ ఈ ఎత్తు పారదు.

వాడుకలో ఉన్న తాళంపై ప్రయోగించవద్దు, పాడవ్వొచ్చు. ఇతరుల తాళాన్ని అనుమతి లేకుండా ముట్టుకోవద్దు. ఈ విద్య నేర్చాక మీ ఇంటి గేటుకున్న చవక కప్పను తప్పకుండా మార్చండి.