పోటీ పరీక్షల ప్రత్యేకం: చీకటి గుహల మరియానా స్విఫ్ట్‌లెట్

ప్రతిధ్వనితో దారి తెలుసుకునే జీవి ఏదంటే అభ్యర్థులు చటుక్కున గబ్బిలం అంటారు. పక్షుల్లోనూ ఆ విద్య ఉంది. అయితే అది దక్షిణ అమెరికా ఆయిల్‌బర్డ్‌కూ, కొన్ని స్విఫ్ట్‌లెట్లకూ మాత్రమే తెలుసు. అలాంటిదే మరియానా స్విఫ్ట్‌లెట్. శాస్త్రీయ నామం ఏరోడ్రామస్ బార్ట్‌షి, కుటుంబం అపోడిడే.

పశ్చిమ పసిఫిక్‌లోని మరియానా దీవులే దీని పుట్టినిల్లు. పొడవు 11 సెంటీమీటర్లే. పగలంతా ఎగురుతూ గాల్లోనే పురుగులను పట్టి తింటుంది. కొమ్మల మీద వాలదు. రాత్రికి సున్నపురాయి గుహల్లోకి చేరి, టిక్ టిక్‌మంటూ శబ్దాలు చేసి, వాటి ప్రతిధ్వనిని బట్టి గూటికి చేరుకుంటుంది. గబ్బిలాల అతిధ్వనుల్లా కాక ఈ టిక్కులు మన చెవికి వినిపిస్తాయి. పరీక్షార్థులు గుర్తుంచుకోవాల్సిన తేడా ఇదే!

నాచును లాలాజలంతో అతికించి గూడు కడుతుంది. పెట్టేది ఒకే గుడ్డు. అందుకే తగ్గిన సంఖ్య త్వరగా కోలుకోదు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మరియానా దీవుల్లోని గువామ్‌కు చేరిన బ్రౌన్ ట్రీ స్నేక్ అనే పాము అక్కడి అడవి పక్షులను దాదాపు ఊడ్చేసింది. పాము ఎక్కలేని నున్నటి గుహ గోడలపై గూళ్లు ఉండటం స్విఫ్ట్‌లెట్‌కు కొంత రక్షణైంది. మరియానాల్లోనే ఉన్న రోటా, టినియన్ దీవుల్లో స్విఫ్ట్‌లెట్ కనుమరుగైంది. 1984లో అమెరికా దీన్ని అంతరించే ప్రమాదమున్న జాతిగా ప్రకటించింది. 1960లలో హవాయిలోని ఒవాహు దీవిలో వదిలిన పక్షుల సంతతి అక్కడ నిలదొక్కుకుంది.